తోడు వెళ్ళే మనిషి
ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో మా మహిళా విభాగం చేసిన ప్రసంగ పాఠం, అమరావతి

తండాల నుంచి వచ్చినవాళ్ళకు రాం రాం. కృష్ణ ఒడ్డు కాలనీల నుంచి వచ్చిన యానాది అక్కచెల్లెళ్ళకు, ఎరుకల బంధువులకు, నల్లమల దిగి ఇంత దూరం వచ్చిన చెంచు పిల్లలకు మా మహిళా విభాగం తరఫున వందనాలు.

ఆగస్టు 9 అనగానే మనకు ఆటలు, పాటలు, అద్దాల రవికలు, ఊరేగింపు గుర్తొస్తాయి. అవి ఉండాల్సిందే. ఏడాదికి ఒక్కరోజైనా మన బట్ట కట్టుకుని, మన మాట మాట్లాడుకుని, తల ఎత్తుకుని నడవాలి. సంఘం పెద్దలు మమ్మల్ని కూడా 'మన ఆడపడుచుల అలంకరణ, ఆచారాలు' అనే విషయం మీద మాట్లాడమన్నారు. మేము వేరే విషయం మాట్లాడతామని వాళ్ళను బతిమాలి ఒప్పించుకున్నాం. అద్దాల రవిక కింద కమిలిన భుజం ఉంటే ఆ రవిక గురించి మాత్రమే మాట్లాడటం మాకు చేతకాలేదు.

ఒక సంగతితో మొదలుపెడతాం. పేరు చెప్పం, ఊరు చెప్పం, ఎవరూ పోల్చుకోకుండా ఒకటి రెండు గుర్తులు మార్చాం. ఎందుకు మార్చామో చివర్లో మీకే అర్థమవుతుంది.

మిరప కోతల కాలం. ముఠాతో పాటు కోతకు వచ్చిన ఒక చెల్లెలు, ఇద్దరు పిల్లల తల్లి, ఒంటిచేత్తో కాయలు కోస్తోంది. పక్క సాలులో ఉన్న ఆమె చూసి, "చెయ్యి ఏమైంది?" అని అడిగింది. "జారి పడ్డాను" అంది. మర్నాడూ అదే మాట. మూడో రోజు మధ్యాహ్నం, సద్ది విప్పినప్పుడు చెప్పింది. మొగుడు తాగొచ్చి చెయ్యి మెలితిప్పాడు. అది మొదటిసారి కాదు.

అంతకు ముందు ఆమె ముగ్గురికి చెప్పుకుంది. తల్లికి చెప్తే, "మొగుడన్నాక ఒక దెబ్బ వెయ్యకుండా ఉంటాడా, పిల్లల ముఖం చూసి సర్దుకోమ్మా" అంది. కులపెద్దకు చెప్తే పంచాయితీ పెట్టి, మొగుడికి తప్పు వేశారు. అతను ఆ తప్పు డబ్బు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తెచ్చి కట్టాడు. ఆ అడ్వాన్సు ఎవరి కూలీలో కోశారో తెలుసా? ఆమె కూలీలో. తన్నులు తిన్నదీ ఆమే, తప్పు కట్టిందీ ఆమే.

మూడో మనిషి మా మహిళా విభాగంలోని మనిషే. ఆమె వచ్చి చెప్పుకుంటే, "పండగ వెళ్ళనీ, తర్వాత మాట్లాడదాం" అన్నాం. ఆ పండగ వెళ్ళింది. మేము మాట్లాడలేదు. ఈ సభలో ఈ మాట ఒప్పుకోకుండా మీకు బుద్ధులు చెప్పే హక్కు మాకు లేదు.

నాలుగో మనిషి, పక్క సాలులో కోసిన ఆమె కొడుకు. డిగ్రీ రెండో సంవత్సరం. అతనికి చట్టం తెలియదు, పలుకుబడి లేదు. అతను అన్న మాట ఒక్కటే: "అక్కా, పొద్దున బస్సుకు పోదాం. నేనూ వస్తాను." తల్లినీ వెంటబెట్టుకుని ముగ్గురూ వెళ్ళారు. ముందు ఆసుపత్రికి, తర్వాత స్టేషనుకు. "రేపు రండి" అంటే, "కూర్చుంటాం సార్" అని బల్ల మీద కూర్చున్నారు. కూర్చునే 181కి ఫోను చేశారు. ఆ రోజు సాయంత్రానికి ఆమె పేరు మీద ఒక కాగితం పుట్టింది. ఆ కాగితం నుంచే తర్వాతివన్నీ వచ్చాయి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మేము ఈ రోజు చెప్పదలచింది ఇంతే. దెబ్బతిన్న మనిషికి మొదట కావలసింది వకీలు కాదు, ఉపన్యాసం కాదు. నమ్మి, వెంట వచ్చే ఒక్క మనిషి. ఆ మనిషి మీరు కావచ్చు. మిగతా సమయమంతా, ఎలా కావాలో చెప్తాం.

2019–21లో కేంద్ర ప్రభుత్వం దేశమంతా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చేసింది. శారీరక హింసో లైంగిక హింసో ఎదుర్కొన్న ఆడవాళ్ళలో సాయం అడిగినవాళ్ళు నూటికి 14 మంది. నూటికి 77 మంది సాయం అడగలేదు, ఎవరికీ చెప్పనుకూడా లేదు. సాయం అడిగినవాళ్ళలోనూ ఎక్కువమంది వెళ్ళింది పుట్టింటికే. పోలీసుల దాకా, వకీలు దాకా వెళ్ళినవాళ్ళు బహు తక్కువ. ఇది దేశం మొత్తం లెక్క. మన వాడల్లో నోరు ఇంకా బిగుసుకుని ఉంటుంది. దానికి కారణాలున్నాయి. అవి తెలియకుండా 'మనవాళ్ళు చదువుకోలేదు, అందుకే చెప్పరు' అనుకోవడం తప్పు.

మొదటి కారణం, స్టేషను అంటే భయం. ఈ భయం గాలిలోంచి పుట్టలేదు. 1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. పుట్టుకతోనే దొంగలని కొన్ని కులాల మీద ముద్ర వేశారు. మన బాపట్ల దగ్గర స్టువర్టుపురం ఆ కాలంలో ఎరుకలవాళ్ళను ఒకచోట పెట్టి కాపలా కాయడానికి కట్టిన ఊరు. ఊరు దాటాలంటే అనుమతి, స్టేషనులో హాజరు. ఆ చట్టం రద్దయింది 1952లో. మన తాతలు స్టేషనులో సంతకం పెట్టడానికి నిలబడ్డవాళ్ళు. వాళ్ళ మనవరాలు అదే స్టేషనుకు 'నన్ను కాపాడండి' అని వెళ్ళడం ఎంత కష్టమో ఆలోచించండి.

రెండో కారణం, వలస. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప చేలలో, అంతకు ముందు పత్తి తీతల్లో మనవాళ్ళు సొంత ఊళ్ళో ఉండరు. చేను గట్టున పరదా గుడిసె. తెలిసిన ఆశా కార్యకర్త ఉండదు, తెలిసిన అంగన్‌వాడీ ఉండదు. చెయ్యి వేసినవాడు మేస్త్రీయో, ఆసామి కొడుకో అయితే, నోరు తెరిస్తే ముఠా మొత్తానికి కూలీ పోతుంది. ఆ బరువంతా ఒక్క పిల్ల మీద పడుతుంది.

మూడో కారణం, మన పంచాయితీ. దీని గురించి తర్వాత చెప్తాం, పెద్దలు కోపగించుకోకుండా వినాలి.

ఇప్పుడు మన సాటి గిరిజన ఆడవాళ్ళ చరిత్ర రెండు ముక్కల్లో.

1972లో మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో ఒక గిరిజన అమ్మాయిని పోలీస్ స్టేషను ఆవరణలోనే ఇద్దరు పోలీసులు చెరిచారన్నది కేసు. దాన్ని మథుర కేసు అంటారు. హైకోర్టు శిక్ష వేసింది. 1978లో సుప్రీంకోర్టు వాళ్ళను వదిలేసింది. ఒంటి మీద గాయాలు లేవు, అరిచిన దాఖలా లేదు, కాబట్టి ఒప్పుకున్నట్టే అన్నది. నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు, ఉపేంద్ర బక్షీ, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్, లోతికా సర్కార్, ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. భయపడి నోరు మూసుకోవడం, ఒప్పుకోవడం ఒకటి ఎలా అవుతాయని అడిగారు. దేశమంతా ఆడవాళ్ళు వీధుల్లోకి వచ్చారు. 1983లో చట్టం మారింది. కస్టడీలో జరిగిన అత్యాచారానికి వేరే శిక్ష పెట్టారు. అలాంటి కేసులో ఆమె 'నేను ఒప్పుకోలేదు' అంటే కోర్టు దాన్నే నమ్మి మొదలుపెట్టాలన్నారు. బాధితురాలి పేరు బయటపెట్టడం నేరమని కూడా అప్పుడే రాశారు. ఈ దేశంలో ఆడవాళ్ళందరికీ ఈ రోజు కాపుగా ఉన్న చట్టానికి మొదటి రాయి వేసింది ఒక గిరిజన పిల్ల కన్నీరు.

రెండోది మన రాష్ట్రంలోనే. 2007 ఆగస్టు 20న విశాఖ మన్యంలో, జి.మాడుగుల మండలం వాకపల్లిలో, గాలింపుకు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని 11 మంది కోంధు ఆడవాళ్ళు చెప్పారు. కేసు హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు వెళ్ళింది. విచారణ జరగాల్సిందేనని 2017లో సుప్రీంకోర్టు అన్నాక విశాఖలో విచారణ మొదలైంది. 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు 13 మంది పోలీసులనూ విడుదల చేసింది. దర్యాప్తు చేయాల్సినవాళ్ళు సరిగా చేయలేదని ఆ కోర్టే అన్నది, ఆ ఆడవాళ్ళకు పరిహారం ఇవ్వమనీ చెప్పింది. ఘటన నుంచి తీర్పు దాకా పదిహేనేళ్ళు దాటింది. ఆ తల్లులు మాత్రం ఇన్నేళ్ళూ మాట మార్చలేదు.

ఇది వింటే 'ఇంక వెళ్ళి ఏం లాభం' అనిపిస్తుంది. మాకూ అనిపించింది. కానీ వాకపల్లి ఇంకో మాట చెప్తోంది. మొదటి రోజుల్లో జరగాల్సిన పని జరగకపోతే, పదిహేనేళ్ళ తర్వాత ఎంత గొప్ప వకీలైనా దాన్ని పూడ్చలేడు. అందుకే మొదటి రోజు గురించి మీరు తెలుసుకోవాలి. మొదటి రోజు ఆమె పక్కన ఉండేది వకీలు కాదు, మీలాంటి తమ్ముడో, చెల్లెలో.

సరే, ఎవరైనా వచ్చి మీతో చెప్పారనుకోండి. ఏం చేయాలి?

ముందు వినండి. 'ఎందుకు వెళ్ళావు, ఎందుకు అరవలేదు, ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదు' అనే మూడు 'ఎందుకు'లు నోట్లోంచి రానివ్వకండి. అడగాల్సినవి వేరే ఉన్నాయి: దెబ్బ ఎక్కడ తగిలింది? ఈ రాత్రి ఎక్కడ పడుకుంటావు? పిల్లలు ఎవరి దగ్గర ఉన్నారు? ఆ తర్వాత, 'నువ్వు ఏం చేద్దామనుకుంటున్నావు?' అని అడగండి. పద్దెనిమిదేళ్ళు నిండిన మనిషి అయితే నిర్ణయం ఆమెది. మీ ఆవేశం ఆమె మీద రుద్దకండి. ఆమె ఈ రోజు వద్దంటే, 'ఎప్పుడు కావాలన్నా పిలువు' అని నంబరు ఇచ్చి రండి. తిరిగి ఇంటికి వెళ్ళిపోయిందని కోపం తెచ్చుకోకండి. చాలామంది ఒక్కసారికే బయటపడలేరు.

పిల్లల విషయం వేరు. పద్దెనిమిదేళ్ళలోపు పిల్ల మీద, మగపిల్లవాడైనా సరే, లైంగిక హింస జరిగితే అది 2012 నాటి పోక్సో చట్టం కిందికి వస్తుంది. తెలిసినవాళ్ళు చెప్పి తీరాలి. 1098కి ఫోను చేయండి. మగపిల్లలకు కూడా ఇది జరుగుతుంది. వాళ్ళను చూసి నవ్వకండి.

లైంగిక దాడి జరిగితే మొదట ఆసుపత్రి. ఒళ్ళు కడుక్కోవాలనిపిస్తుంది, అది సహజం. కానీ వీలైతే స్నానం చేయకుండా, ఆ బట్టలు ఉతకకుండా వెళ్ళాలి. బట్టలు మార్చుకుంటే విప్పినవాటిని కాగితంలో చుట్టి తీసుకెళ్ళండి, ప్లాస్టిక్ కవరులో వద్దు, చెమ్మకు పాడైపోతాయి. స్నానం చేసేసినా సరే, వెళ్ళండి. నాలుగు రోజుల వరకు ఆనవాళ్ళు తీసే వీలుంటుంది. గర్భం రాకుండా మాత్ర, హెచ్ఐవీ రాకుండా మందులు 72 గంటల్లోపే పడాలి, ఎంత తొందరగా పడితే అంత మంచిది. మందులు అడిగి ఇప్పించాల్సింది తోడు వెళ్ళిన మీరే. ఆమె అప్పుడు అడిగే స్థితిలో ఉండదు.

ప్రభుత్వ ఆసుపత్రి అయినా, ప్రైవేటు ఆసుపత్రి అయినా ఉచితంగా వైద్యం చేయాలి. 'ముందు పోలీసు కాగితం తెండి' అని వెనక్కి పంపకూడదు. వైద్యం నిరాకరిస్తే అది నేరం. రెండు వేళ్ళ పరీక్ష అని పాతకాలంలో ఒకటి చేసేవాళ్ళు. దాన్ని చేయకూడదని, చేస్తే తప్పు చేసినట్టేనని 2022లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. ఎవరైనా చేయబోతే 'వద్దు' అనొచ్చు.

తర్వాత స్టేషను. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు అమల్లోకి వచ్చాయి. 'ఇది మా పరిధి కాదు, మీ ఊరికి పొండి' అనడం చెల్లదు. నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకుని, తర్వాత ఆ స్టేషనుకు పంపాలి. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. వలస వెళ్ళే మనకు ఇది పెద్ద అండ. గుంటూరు చేలో జరిగింది మార్కాపురంలో చెప్పుకోవచ్చు. లైంగిక నేరమైతే ఆడ అధికారి వాంగ్మూలం రాసుకోవాలి. ఆడవాళ్ళను విచారించాలంటే ఇంటికి రావాలే తప్ప స్టేషనుకు రప్పించకూడదు. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. అది చేతికి వచ్చేదాకా లేవకండి. తీసుకోకపోతే ఎస్పీకి రాసి పంపండి, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళొచ్చు.

ఇవన్నీ ఒకచోటే దొరికేలా 2015లో సఖి కేంద్రాలు మొదలయ్యాయి. వన్ స్టాప్ సెంటర్ అంటారు. మనకు గుంటూరులోనూ ఒంగోలులోనూ ఉన్నాయి. వైద్యం, పోలీసు సాయం, వకీలు, ధైర్యం చెప్పే కౌన్సిలరు, కొన్ని రోజులు తలదాచుకునే చోటు, అన్నీ అక్కడి నుంచే. దారి తెలియకపోతే 181కి ఫోను చేస్తే చాలు. ప్రాణం మీదికొస్తే 112. 2025 మహిళా దినోత్సవం నాడు మన మార్కాపురంలో మొదలుపెట్టిన శక్తి యాప్ కూడా ఉంది. సచివాలయంలో మహిళా పోలీసు ఉంటుంది, ఆమెతో ముందే పరిచయం పెంచుకోండి. కష్టం వచ్చిన రోజు కొత్త మనిషిని వెతుక్కోవడం కష్టం.

ఇప్పుడు ఇంట్లో కొట్టే సంగతి. ఇక్కడ మన పిల్లలు చాలామందికి ఒక అపోహ ఉంది. 'మనకు హిందూ వివాహ చట్టం వర్తించదు కదా, మన పెళ్ళి కులాచారం ప్రకారం జరిగింది కదా, కోర్టు ఏం చేస్తుంది' అంటారు. మొదటి ముక్క నిజమే. కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప ఆ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదని ఆ చట్టంలోనే రాసి ఉంది. కానీ గృహహింస చట్టం వేరు. అది 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. అది అన్ని కులాలకు, అన్ని మతాలకు, అన్ని తెగలకు. పెళ్ళి పత్రిక అక్కర్లేదు. పెళ్ళిలాగే కలిసి కాపురం చేసినా చాలు. మొగుడి చేతిలో దెబ్బలు తిన్న భార్యకే కాదు, అన్న చేతిలో తిన్న చెల్లెలికి, కొడుకు చేతిలో తిన్న తల్లికి కూడా.

ఆ చట్టంలో మా గుండెకు తాకిన మాట ఒకటుంది. ఇల్లు ఎవరి పేరు మీద ఉన్నా, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది. 'నా ఇంట్లోంచి బయటికి నడు' అనడానికి లేదు. కొట్టొద్దని, దగ్గరికి రావొద్దని, ఖర్చులకు డబ్బు ఇవ్వమని, పిల్లలను తల్లి దగ్గర ఉంచమని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. ఆ ఆదేశం దాటితే ఏడాది వరకు జైలు. స్త్రీ శిశు సంక్షేమ శాఖ తరఫున రక్షణ అధికారి ఉంటారు, జరిగినదంతా ఆయన నివేదికగా రాసి కోర్టుకు పంపుతారు. వకీలు ఫీజు భయం అక్కర్లేదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళందరికీ, షెడ్యూల్డు తెగలవాళ్ళందరికీ ఆదాయంతో పని లేకుండా వకీలును ఉచితంగా ఇస్తారు. మన ఆడపిల్లకు రెండు విధాలా ఆ హక్కు ఉంది. 15100కి ఫోను చేయండి. రాష్ట్ర హైకోర్టు మన అమరావతిలోనే, నేలపాడులో ఉంది. అంత దూరం కూడా పోనక్కర్లేదు. సత్తెనపల్లి, నరసరావుపేట, మార్కాపురం, మీకు దగ్గర ఏ కోర్టు ఉంటే అక్కడే న్యాయ సేవల కమిటీ ఉంటుంది.

దాడి చేసినవాడు ఎస్సీ గానీ ఎస్టీ గానీ కాకపోతే, 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కూడా వర్తిస్తుంది. ఆసామి అయినా, మేస్త్రీ అయినా. అప్పుడు డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చేయాలి. ప్రభుత్వం ఆర్థిక సాయం ఇవ్వాలి. అత్యాచారం కేసైతే అందులో సగం వైద్య నివేదిక రాగానే, మిగతాది ఛార్జిషీటు వేసినప్పుడు, కేసు ముగిసినప్పుడు. బాధితురాలికీ సాక్షులకూ కోర్టుకు రాకపోకల ఖర్చులు, పోయిన కూలీ కూడా ఇవ్వాలని నిబంధనల్లో ఉంది. అడిగితేనే వస్తుంది. కులధ్రువీకరణ పత్రం లేక ఈ కేసులు నిలిచిపోకూడదు. కాబట్టి ఇంటికి వెళ్ళగానే మీ అక్కచెల్లెళ్ళ పత్రాలు ఉన్నాయో లేవో చూడండి. ఈ పని ఈ రాత్రికే చేయొచ్చు.

ఇక పంచాయితీ సంగతి. నాయక్, కార్బారి, కులపెద్ద, వీళ్ళంటే మాకు గౌరవం. గట్టు తగాదా, అప్పు తగాదా తీర్చి మనల్ని కోర్టుల చుట్టూ తిరగకుండా కాపాడింది వాళ్ళే. కానీ అత్యాచారానికి తప్పు కట్టించి మాఫీ చేసే అధికారం ఏ పంచాయితీకీ లేదు. చెరిచినవాడికే ఇచ్చి పెళ్ళి చేయడం న్యాయం కాదు, ఆ పిల్లకు జీవితాంతం శిక్ష. తప్పు డబ్బు ఎవరి చేతికి పోతోంది? సగం పెద్దల మందుకు పోతోంది. కాదనే వాళ్ళుంటే చెయ్యెత్తండి. పెద్దలు చేయగలిగిన మంచి పని వేరే ఉంది. ఆమెకు ఆ రాత్రి తమ ఇంట్లో చోటివ్వడం. కోర్టులో సాక్ష్యం చెప్పడం. కేసు పెట్టిందని ఎవరూ ఆ కుటుంబాన్ని వెలివేయకుండా అడ్డుపడటం. ఆ మూడూ చేసిన పెద్దను మేము నెత్తిన పెట్టుకుంటాం.

మగపిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. మీరు చెడ్డవాళ్ళని మేము అనడం లేదు. ఆ డిగ్రీ తమ్ముడు కూడా మగపిల్లవాడే. కానీ ఫోనులో ఎవరి వీడియోనో వస్తే, 'చూడరా' అని ఇంకొకడికి పంపకండి. అలా పంపిన ప్రతివాడూ ఆమెకు మళ్ళీ అదే చేసినవాడవుతాడు. వెంటనే స్క్రీన్‌షాట్ తీసి దాచమని ఆమెకు చెప్పండి, 1930కి ఫోను చేయించండి. కేసు పెట్టిన అమ్మాయి పేరు, ఊరు, ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. న్యాయం కోసమని పెట్టినా అది నేరమే. మేము మొదట్లో పేరు చెప్పకపోవడానికి కారణం ఇదే.

'మనం పదిమందిమి ఏం చేయగలం' అంటారేమో. మన ప్రకాశం పక్కనే నెల్లూరు జిల్లా దూబగుంట. 1992లో రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకోవడానికి కూర్చున్న కూలి ఆడవాళ్ళు, అక్కడే తమ ఇళ్ళలో సారా చేస్తున్న పని గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. సారా కొట్లు మూయించారు, వేలంపాటలు ఆపారు. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ ఆడవాళ్ళు మొదలుపెట్టింది ఉద్యమంతో కాదు. సాయంత్రం ఒకచోట కూర్చుని, ఇంట్లో జరిగేది పైకి చెప్పుకోవడంతో.

ఈ సభ ముగిసేలోపు మూడు పనులు ఒప్పుకోమని అడుగుతున్నాం.

ఒకటి. ప్రతి తండా నుంచీ, ప్రతి కాలనీ నుంచీ ఒక అమ్మాయి, ఒక అబ్బాయి పేరు ఇవ్వండి. వాళ్ళు తోడు వెళ్ళే మనుషులు. తీర్పులు చెప్పరు. ఫోను చేస్తే వస్తారు, బస్సెక్కుతారు, బల్ల మీద పక్కన కూర్చుంటారు.

రెండు. సంఘం నిధిలో కొంత విడిగా పెట్టి, దారి ఖర్చుల పెట్టె పెడదాం. చాలామంది ఆగిపోయేది ధైర్యం లేక కాదు, ఆ పూట చేతిలో బస్సు చార్జీ లేక. ముందుగా మా మహిళా విభాగం ఈ ఏడాది చీరల పంపకానికి దాచిన డబ్బు ఆ పెట్టెలో వేస్తోంది.

మూడు. కోతలకు వెళ్ళే ముందు ప్రతి ముఠాలో ఈ నంబర్లు చదివి వినిపించాలి: 181, 112, 1098, 15100. చదువురాని అమ్మలకు ఫోనులో 'అక్క' అనో 'పాప' అనో పేరు పెట్టి దాచి ఇవ్వండి. మొగుడు ఫోను చూసినా అనుమానం రాదు.

ఆ చెల్లెలు ఎలా ఉందని మీరు అడుగుతారు. కోర్టు ఆదేశం వచ్చింది. తన ఇంట్లోనే పిల్లలతో ఉంటోంది. చెయ్యి పూర్తిగా నయం కాలేదు, చలికాలం నొప్పి చేస్తుందట. కొన్ని రాత్రుళ్ళు తలుపు చప్పుడైతే లేచి కూర్చుంటుంది. అంతా బాగైపోయిందని మేము అబద్ధం చెప్పం. కానీ మొన్న మేము వెళ్ళినప్పుడు ఒక మాట అంది. వాళ్ళ ముఠాలో ఇంకో పిల్ల వచ్చి ఏదో చెప్పుకోబోతే, ఈమె పూర్తిగా విననైనా వినకుండా, "రేపు పొద్దున బస్సుకు పోదాం, నేనొస్తా" అందట.

ఆమె వచ్చి మాకు చెప్పుకున్న రోజు మేము ఆ మాట అనలేకపోయాం. మీరు అనండి. పేర్లు రాసుకునే పుస్తకం వేదిక పక్కన బల్ల మీద ఉంది, పెన్ను కూడా ఉంది. భోజనాలకు వెళ్ళే ముందు అటు రండి.

సెలవు.